రాణిగారి మొగుడు

కారు ట్రంక్ మూసేలోపే విశ్వనాథం చచ్చిపోయాడు.

డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇండియన్ గ్రోసరీ పార్కింగ్ లాట్. శనివారం మధ్యాహ్నం. అతని చేతుల్లో సోనామసూరి బియ్యం బస్తా. పక్క కారులోంచి దిగిన తెల్లవాడు "హెల్ప్ చేయనా?" అని నవ్వుతూ బస్తాకి ఒక చెయ్యి వేశాడు. రెండో చేతిలోని సూది విశ్వనాథం మెడలో దిగింది. బస్తా ట్రంక్‌లో పడింది. బస్తా మీద విశ్వనాథం పడ్డాడు. తెల్లవాడు ఖాళీ కార్ట్‌ను తోసుకెళ్ళి, దాని చోట దాన్ని పెట్టి మరీ వెళ్ళిపోయాడు. అంత మర్యాదస్తుడు.

చనిపోవడానికి కాస్త ముందు విశ్వనాథం టెక్సస్‌కి ఫోన్ చేశాడు. అతను ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలకు పైపెట్టెలు డిజైన్ చేసే ఇంజనీరు.

"మేడమ్, మా చేత ఒక బ్యాటరీ కేస్ చేయించుకున్నారు. అందులో సగమే బ్యాటరీ. మిగతా సగంలో ఏం పెడతారని అడిగితే నా మేనేజర్ మొహం మాడిపోయింది. టెక్సస్ వస్తున్న రాణి కోసమట. ట్రైటన్ అనే పేరు విన్నాను. రాణి మనుషుల్లోనే వాళ్ళవాడు ఒకడున్నాడు. మిగతాది ఫోన్‌లో వద్దు. నేనే ఫ్లైట్ ఎక్కి వస్తాను."

అతను ఫ్లైట్ ఎక్కలేదు.

* * *

ఇర్వింగ్‌లోని తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయిపోయింది. పార్కింగ్ లాట్‌లో బిర్యానీ ప్యాకెట్లు పంచుతున్న ఆకుపచ్చ పట్టుచీర ఆవిడ అందరికీ దెబోరా ఆంటీ. ఏదో ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తుందని సంఘస్తుల నమ్మకం. అసలు సంగతి వేరు. బోర్డు లేని ఒక గవర్నమెంట్ ఏజెన్సీకి టెక్సస్ స్టేషన్ చీఫ్ ఆవిడే.

"వందనాలు ఆంటీ," అన్నాడు సైలస్.

"వందనాలు బాబూ. సాక్ష్యం చెప్పాలి నువ్వు. ఎల్లుండే."

సాక్ష్యం అంటే మిషన్. కానుక అంటే బాంబు. కొత్త విశ్వాసి అంటే ఇన్‌ఫార్మర్. చుట్టూ వందమంది ఉన్నా ఎవరూ తల తిప్పి చూడని కోడ్ భాష అది.

"కానుక ఎవరికి?"

"సాన్ వెరీనా రాణి ఓర్సోలాకి. అట్లాంటిక్‌లో దీవి. మ్యాప్‌లో ఈగ వాలితే కనపడదు. కానీ పెద్ద పెద్ద ఓడలు దాక్కోవడానికి అంత మంచి హార్బర్ ఇంకెక్కడా లేదు. ట్రైటన్ ముఠా దాన్ని లీజుకి అడిగింది. చిన్న దేశాల రేవులు పట్టుకుని, స్మగ్లర్లకీ ఆయుధాలమ్మేవాళ్ళకీ అద్దెకివ్వడం వాళ్ళ బిజినెస్. రాణి వాళ్ళ రాయబారిని మెడ పట్టి గెంటించింది. ఇప్పుడావిడ మన పక్కనే లాస్ కొలీనాస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ అగ్రిమెంట్ కోసం వస్తోంది. ఆవిడ ఇక్కడ చస్తే, ఆ దేశాన్ని తొమ్మిదేళ్ళ కూతురి పేరున రీజెంట్ ఏలుతాడు."

"రీజెంట్ ఎవరు?"

"రాణి మొగుడు. ప్రిన్స్ కాసిమిర్."

"అయితే ముందు ఆయన్నే కదా అనుమానించాలి?"

దెబోరా నవ్వింది. "ఆయన టీలో చక్కెరెంతో కూడా ప్యాలెసే డిసైడ్ చేస్తుంది. అనుమానించడానికైనా ఒక స్థాయి ఉండాలి కదయ్యా. ఆయన్ని వదిలెయ్. కానీ ఆయన పక్కన నిలబడితే ప్యాలెస్ వాళ్ళంతా కనపడతారు. ఆయన పరిచారకుడికి ఇవాళ పొద్దున్నే కడుపునొప్పి వచ్చింది."

"పాపం. నిజంగానా?"

"మనమే తెప్పించాం. ఆ ప్లేస్‌లో నువ్వు."

ఒకప్పుడు హెచ్‌వన్‌బి మీద టెస్టింగ్ ఉద్యోగానికి వచ్చిన కాకినాడ కుర్రాడు సైలస్. రాజకుటుంబాల సేవలో పన్నెండేళ్ళ అనుభవం ఉన్నట్టు అతనికి సాయంత్రానికల్లా రెజ్యూమే తయారైంది. ఈ విద్యలో ఇర్వింగ్ కన్సల్టెన్సీల ముందు ఏ గూఢచారి సంస్థా నిలబడలేదు కాబట్టి ఏజెన్సీ ఆ పని కూడా ఆ కన్సల్టెన్సీల్లో పనిచేసిన ఒక పాత మనిషికే అప్పగించింది. రెఫరెన్సులతో సహా వచ్చింది.

బట్టలకు ఆవిరి పట్టే స్టీమర్‌లో బాంబులు పసిగట్టే స్కానర్. చొక్కా కఫ్‌లింక్‌లో మైక్, స్పీకర్. అంతే సరంజామా.

"ఇంకోటి. ట్రైటన్‌లో మనకొక కొత్త విశ్వాసి ఉంది," అంది దెబోరా. "సంహిత. ఫ్రీమాంట్ అమ్మాయి. రాణి టూర్‌కి ఈవెంట్ మేనేజర్. బాగుంటుంది. చూపు తిప్పుకోవడం ప్రాక్టీస్ చేసుకుని వెళ్ళు."

* * *

ప్రిన్స్ కాసిమిర్ హోటల్ సూట్‌లో అద్దం ముందు నిలబడి ఉన్నాడు. మంచి ఎత్తు. ఇంకా మంచి ముక్కు. పాత ప్రభువంశం. కోట కప్పు కురుస్తుంటే బాగుచేయించుకోలేని ప్రభువంశం. ఆ ముక్కును చూసే రాణి చేసుకుందని దీవిలో అంటారు. ముక్కు వెనకాల ఏముందో ఎవరూ చూసినట్టు లేదు.

సైలస్ ఆయన భుజం మీదుగా నీలం పట్టు పట్టీ వేసి నడుం దగ్గర బిగించాడు. తరువాత అడ్మిరల్ కోటు.

"యువర్ హైనెస్ నేవీలో పనిచేశారా?"

"గౌరవ అడ్మిరల్‌ని," అన్నాడు కాసిమిర్. "నాకు ఓడెక్కితే వాంతులు. రేపు ఆ కాలవలో పడవ షికారుంది చూశావా, అది కూడా నేను చేయను. రాణి ఒక్కతే వెళ్తుంది. నేను ఒడ్డున ఉండి మీ ఇండియన్ ఇంజనీర్ల చేత ఏదో శాలువా కప్పించుకోవాలట."

"మంచిది, యువర్ హైనెస్."

"మంచిదేం కాదు. నా పని ఎప్పుడూ ఇదే. రాణికి చిన్నతనం అనిపించేవన్నీ నాకు. బేకరీ ఓపెనింగ్. కుక్కల పోటీ. ఒకసారి మురుగుకాలవ గేటుకి రిబ్బన్ కట్ చేశాను." ఆయన గొంతు తగ్గింది. "నా కూతురికి నా ఇంటిపేరు లేదు, తెలుసా? నాణేల మీద రాణి బొమ్మ. వెనకవైపు చేప బొమ్మ. చేపకిచ్చిన చోటు నాకివ్వలేదు."

మా గోదావరి వైపు దీన్ని ఇల్లరికం అంటారు, అనుకున్నాడు సైలస్. అక్కడైతే అల్లుడు అలిగినప్పుడు కనీసం ఒక కోడి కోస్తారు.

తలుపు తెరుచుకుంది. రాణి ఓర్సోలా లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. పొట్టి మనిషి. బూడిద రంగు సూటు, బూడిద రంగు కళ్ళు. అప్పుడే కాఫీ కప్పుతో కూర్చున్న కాసిమిర్ ఆమె నీడ పడగానే దిగ్గున లేచాడు. కాఫీ తొడ మీద ఒలికినా కూర్చోలేదు.

ఆమె వెనక్కి చూడకుండానే ఎడమ చెయ్యి వెనక్కి చాచింది. కాసిమిర్ గబగబా వెళ్ళి ఆ చేతిలో గ్లవ్స్ పెట్టాడు. ఆమె నడిచింది. ఆమె ఎడమ భుజం వెనకగా ఆయన నడిచాడు. పక్కకి రాడు, ముందుకు పోడు. ఆమె ఆగితే ఆగుతాడు. పంతొమ్మిదేళ్ళ కాపురం. ఆయన కాళ్ళకి ఇక మెదడుతో పనిలేదు.

సైలస్ తన మనసులోని అనుమానితుల జాబితాలోంచి ఆ పేరు పూర్తిగా తుడిచేశాడు.

* * *

లాస్ కొలీనాస్‌లో కంచు గుర్రాలు నీళ్ళలో పరిగెడుతున్నట్టు నిలబడి ఉంటాయి. వాటి పక్క బెంచీ మీద ఎర్ర సిల్కు డ్రెస్‌లో సంహిత కూర్చుని ఉంది. దారిన పోయే వాళ్ళు గుర్రాలను చూడటం మానేశారు.

"ఆల్మండ్ మిల్క్ దొరుకుతుందా ఇక్కడ?" అన్నాడు సైలస్. అది కోడ్.

"ఓట్ మిల్కే," అంది సంహిత. అది జవాబు. "కూర్చోండి సర్. ప్రిన్స్ గారి ప్యాంటు ఇస్త్రీ చేసి అలిసిపోయుంటారు."

"ఒక కాలే అయింది. రెండో కాలికి నిన్ను కలిసొస్తానన్నాను."

"అబ్బో. జోకులు కూడా ట్రైనింగ్‌లో నేర్పుతారా?" ఆమె కళ్ళద్దాలు పైకి తోసింది. "టైమ్ లేదు, వినండి. ట్రైటన్ మనిషెవరో తెలిసింది. మేజర్ బ్రాంట్."

"రాణి బాడీగార్డా?"

"రాత్రి మా వాళ్ళ కాల్‌లో పేరు విన్నాను. బాంబు కార్‌లో. బ్యాటరీ కేస్‌లో. రేపు కాన్వాయ్ ఎలక్ట్రిక్ కార్లన్నీ ఓపెన్ చేయించండి."

విశ్వనాథం ఫోన్‌లో దెబోరాకి చెప్పిన మాటకు ఈ మాట సరిగ్గా అతికింది. "నీకు రిస్క్ కదా?" అన్నాడు సైలస్.

"రిస్క్ లేకపోతే నేను ఫ్రీమాంట్‌లోనే ఉండి, మా అక్కలాగా ఇంటి మార్ట్‌గేజ్ గురించి ఏడుస్తూ ట్రైన్ ఎక్కి ఆఫీస్‌కి పోయేదాన్ని." ఆమె లేచింది. "రేపు ఈవెంట్ అయ్యాక డిన్నర్ చేద్దామా? బతికుంటే."

"నేను బతికుంటానులే."

"అంత కాన్ఫిడెన్స్ ఎలా వచ్చిందండీ మీకు?" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వులో నిజమైన సందేహమే ఉందని అప్పుడు సైలస్‌కి తట్టలేదు. దెబోరా చెప్పిన ప్రాక్టీస్ అతను సరిగ్గా చేయలేదు.

* * *

మర్నాడు పొద్దున్న కార్లన్నీ విప్పారు. స్టీమర్ పట్టుకుని సైలస్ హోటల్ గ్యారేజ్ అంతా తిరిగాడు. కాలవలోని తెల్లటి ఎలక్ట్రిక్ పడవను కూడా అణువణువూ స్కాన్ చేశాడు. ఎక్కడా ఏమీ లేదు. మేజర్ బ్రాంట్‌ను "వీసా వెరిఫికేషన్" అని దెబోరా మనుషులు ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆయన ఇంగ్లీషులో ఆరంభించి తన భాషలో తిట్టడం మొదలుపెట్టాడు.

"పక్షి బోనులో ఉంది. ఇక షో నడవనీ," అంది కఫ్‌లింక్‌లో దెబోరా.

సాయంత్రం కాలవ గట్టు రెండువైపులా జనం. సాన్ వెరీనాకి సాఫ్ట్‌వేర్ రాసివ్వబోయే కంపెనీలోని తెలుగు ఇంజనీర్లంతా పిల్లల్ని, కెమెరాల్ని తీసుకుని వచ్చేశారు. ముందు వరసలో శాలువా పళ్ళెంతో దివాకర్. పక్కనే అతని భార్య భవిత.

"కారెక్కడ పెట్టావ్?" అంది భవిత.

"వెనకాల ఈవెంట్ వాళ్ళ లాట్‌లో. ఒక ఎర్ర కారు వెనక ఆపిన. రెండు నిమిషాల పనే కదనే."

"డబుల్ పార్కింగా? టో చేస్తారు దివాకర్!"

"రాణిగారు వచ్చిన దగ్గర టో ఎవడు చేస్తడు? ఆ పళ్ళెం సరిగ్గా పట్టుకో. శాలువా రాణిగారికి కాదంట, ఆయనకంట."

"ఆయనకెందుకు? ఆయనేం చేస్తాడు?"

"రాణిగారి మొగుడు."

"అది ఉద్యోగమా?"

వాళ్ళ వెనకే నిలబడిన సైలస్ నవ్వు ఆపుకున్నాడు. ప్రిన్స్ కోటు చేతి మీద వేసుకుని, అందరినీ చూస్తున్నాడు. సంహిత పడవ ఎక్కే జెట్టీ మీద హెడ్‌సెట్‌తో అటూ ఇటూ తిరుగుతోంది. మధ్యాహ్నం ఒకసారి "పడవ చార్జింగ్ ప్రాబ్లమ్, బ్యాటరీ మార్చాం, ఓకే అయింది" అని ఆమె ఎవరితోనో అనడం వినపడింది. అప్పటికి బ్యాటరీల వేట కార్లతోనే ముగిసిందని అందరూ నమ్మేశారు. సైలస్ కూడా.

రాణి వచ్చింది. వెనకాలే కాసిమిర్ వచ్చాడు. బ్యాండ్ వాయించారు. పిల్లలు జెండాలు ఊపారు. పడవ దగ్గర తెల్ల టోపీ సరంగు సెల్యూట్ చేశాడు.

"హిజ్ హైనెస్ ఇక్కడ ఆగుతారు," అంది సంహిత మృదువుగా. కాసిమిర్ తల ఊపి, దివాకర్ వైపు తిరిగాడు. దివాకర్ శాలువా విప్పాడు.

అప్పుడే రాణి ఓర్సోలా పడవ మెట్టు మీద కాలు పెట్టింది. మెట్టు తడిగా ఉంది. వెనక్కి చూడకుండా ఎడమ చెయ్యి వెనక్కి చాచింది.

కాసిమిర్ భుజం మీద సగం శాలువా ఉంది. ఆ చెయ్యి కనపడగానే ఆయన తిరిగాడు. నడిచాడు. ఆ చేతిని పట్టుకున్నాడు. ఆమె ఒక అడుగు దిగింది, ఆయన ఒక అడుగు దిగాడు. ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే ఎడమ భుజం వెనక సీట్లో కూర్చున్నాడు. ప్రిన్స్ ఎక్కితే పరిచారకుడు ఎక్కాలి. సైలస్ ఎక్కాడు. సరంగు మోటార్ ఆన్ చేశాడు. పడవ కదిలింది.

"అదేంది, ఆయన పోయిండు?" అన్నాడు గట్టు మీద దివాకర్, సగం శాలువా పట్టుకుని.

జెట్టీ మీద సంహిత నోరు తెరుచుకుని నిలబడిపోయింది. సైలస్ ఆమెను చూశాడు. ఆమె మొహంలో ఉన్నది షెడ్యూల్ తప్పిన ఈవెంట్ మేనేజర్ చిరాకు కాదు. భయం. మరుక్షణం ఆమె వెనక్కి తిరిగి పార్కింగ్ వైపు పరుగు తీసింది.

సైలస్ ప్రిన్స్ వైపు తిరిగాడు.

కాసిమిర్‌కి అప్పుడే తెలివి వచ్చింది. తాను ఎక్కడున్నాడో చూసుకున్నాడు. మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. రెండు కాళ్ళూ నేల మీంచి పైకెత్తి, సీటు మీద ముడుచుకున్నాడు. చీమల పుట్ట మీద కూర్చున్న మనిషిలా సీటు కిందికి చూస్తున్నాడు.

"వెనక్కి తిప్పండి," అన్నాడు. "నేను దిగాలి."

"కూర్చో, కాసిమిర్," అంది రాణి, గట్టు మీది పిల్లలకు చెయ్యి ఊపుతూ.

కాసిమిర్ సరిగ్గా కూర్చున్నాడు.

సీటు కింద చావుంది. అయినా కూర్చోమంటే కూర్చున్నాడు. సైలస్‌కి అప్పుడు అంతా తెలిసిపోయింది. బ్యాటరీ మార్చింది సంహిత. బోనులో ఉన్న మేజర్ నిర్దోషి. రాణికి రక్షణగా ఉండాల్సిన ఒకే ఒక్క మనిషిని గదిలో పెట్టి తాళం వేయించింది ఆమె మాట నమ్మిన తనే. ప్యాలెస్‌లోని ద్రోహి, అనుమానించడానికి కూడా తగడని తాము పక్కన పెట్టేసిన ఈ మనిషే.

అతను నీలం పట్టీ సర్దుతున్నట్టు ప్రిన్స్ మీదికి వంగాడు. "సీటు కిందేనా?"

కాసిమిర్ తల ఊపాడు. కళ్ళలో నీళ్ళు. "బ్యాటరీలో. మోటార్ ఆన్ అయితే టైమర్ మొదలవుతుంది. ఆపడం కుదరదన్నారు."

"ఎంతసేపుంది?"

"నాకు చెప్పలేదు."

"ఏంటీ?"

"నాకెవరూ ఏమీ చెప్పరు!" అని ఏడ్చేశాడు సాన్ వెరీనా గౌరవ అడ్మిరల్. "సరస్సు మధ్యలో అన్నారు. అంతే. నేను ఒడ్డున ఉంటాను కదా అని అడగలేదు."

ముందు సీట్లోని చెయ్యి ఊపడం ఆగిపోయింది. పెళ్ళయ్యాక మొదటిసారేమో, రాణి ఓర్సోలా తలంతా వెనక్కి తిప్పి మొగుణ్ణి చూసింది.

"నువ్వా?" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఆశ్చర్యం ఉంది. పెంపుడు కుక్క లేచి కుర్చీలో కూర్చుని పేపర్ చదివితే కలిగేలాంటి ఆశ్చర్యం. "ఇంత పని నీకెవరు అప్పగించారు?"

సమాధానానికి టైమ్ లేదు. కాలవకి రెండువైపులా జనం. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో పిల్లలు. ఇక్కడ పడవ పేలితే గట్టు మీద ఎవరూ మిగలరు. కాలవ చివర మలుపు దాటితే ఖాళీ సరస్సు.

"అందరూ దూకండి!" అని అరిచాడు సైలస్. "లోతు లేదు. దూకండి!"

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ప్రిన్స్ కాసిమిర్ రాణి కంటే ముందు కదిలాడు. ఆమె భుజాన్ని తోసుకుని, సరంగు కాలు తొక్కి, అంచు దాటి నీళ్ళలో పడ్డాడు. ఆ తొక్కిడిలో ఆయన నీలం పట్టీ సీటు కొక్కేనికి తగులుకుని పడవలోనే ఉండిపోయింది.

సరంగు ఆ వెనకే దూకాడు.

"క్షమించండి, యువర్ మెజెస్టీ," అని సైలస్ రాణి నడుం పట్టుకుని ఎత్తి కాలవలోకి విసిరేశాడు. గట్టు మీద జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి.

ఇక పడవలో తనొక్కడే. స్పీడ్ లీవర్ చివరిదాకా నెట్టాడు. పడవ మూతి పైకి లేపి ఉరికింది. వంతెన కింద చీకటి క్షణంలో దాటిపోయింది. మలుపు. అడ్డంగా ఒక రెస్టారెంట్ డెక్. దాని మీద బర్త్‌డే పార్టీ. చుక్కాని కుడికి తిప్పాడు. డెక్ స్తంభాన్ని రాసుకుంటూ పడవ బయటపడింది. ఎదురుగా సరస్సు. ఖాళీ సరస్సు.

చుక్కాని వదిలితే పడవ మళ్ళీ గట్టుకే తిరుగుతోంది. కట్టాలి. చేతికి నీలం పట్టు తగిలింది. రాజవంశపు పట్టీని చుక్కానికి చుట్టి, సీటు కమ్మీకి బిగించి ముడి వేశాడు. సీటు కింద నుంచి సన్నగా ఒక కూత మొదలైంది. అంతవరకు లేని కూత.

సైలస్ దూకాడు. నీళ్ళు అతని తల మీద మూసుకున్నాయి.

ఆ నీళ్ళే ఎర్రగా వెలిగాయి.

* * *

అతను పైకి తేలేసరికి తెల్ల పడవ లేదు. పొగ ఉంది. చుట్టుపక్కల భవనాల అద్దాలు కొన్ని పగిలాయి. ఒక్క మనిషి ప్రాణం పోలేదు.

కాలవలో మాత్రం ఒకాయన మునిగిపోతున్నానని గావుకేకలు పెడుతున్నాడు. నీళ్ళు ఆయన ఛాతీ దాకా ఉన్నాయి. రాణి ఓర్సోలా అప్పటికే లేచి, నీళ్ళలో నడిచి గట్టెక్కి, దివాకర్ చేతిలోని శాలువా తీసుకుని తనే కప్పుకుంది. మొగుడి వైపు చూడలేదు.

"నిలబడమని చెప్పండి ఎవరైనా," అంది.

వెనక పార్కింగ్ లాట్‌లో ఎర్ర కారు హారన్ ఆగకుండా మోగుతోంది. సంహిత స్టీరింగ్ మీద పిడికిళ్ళతో గుద్దుతోంది. ముందు గోడ. వెనక దివాకర్ వ్యాన్. వ్యాన్‌లో బేబీ సీటే ఉంది, మనుషులెవరూ లేరు. కోట్లు ఖర్చుపెట్టిన ట్రైటన్ ముఠా తప్పించుకునే దారులు మూడు ప్లాన్ చేసింది. మనవాళ్ళ డబుల్ పార్కింగ్‌కి ప్లాన్ చేయలేదు.

పాసింజర్ సైడ్ తలుపు తీసి దెబోరా కూర్చుంది. పర్సు ఒళ్ళో పెట్టుకుంది. పర్సు కింద పిస్టల్.

"ఎక్కడికమ్మా, ఇంత తొందరగా? భోజనాలు కూడా అవలేదు."

సంహిత హారన్ మీంచి చెయ్యి తీసింది. "ఆ యూజ్‌లెస్ ఫెలో," అంది పళ్ళు కొరుకుతూ. "చేయాల్సింది ఒక్కటే పని. ఒడ్డున నిలబడటం. అంతే! ఆ చెయ్యి చాచగానే ఎలా వెళ్ళాడో చూశారా?"

"చూశాను. అలాంటివాణ్ణి ఎందుకమ్మా ఎంచుకున్నారు?"

"చవగ్గా వచ్చాడు. నాణెం మీద బొమ్మ వేయిస్తామన్నాం. అంతే, సంతకం పెట్టేశాడు. హార్బర్ కాదు, దీవి మొత్తం అడిగినా ఇచ్చేసేవాడు."

"విశ్వనాథాన్ని చంపిందెవడు?"

సంహిత కిటికీలోంచి బయటికి చూసింది.

"అమ్మాయీ, నీ బాస్‌కి ఇప్పటికి తెలిసిపోయుంటుంది, నువ్వు వాళ్ళ కాబోయే రీజెంట్‌ని బాంబు మీద కూర్చోబెట్టావని. మా లాకప్ సేఫా, ఆయన ఆఫీస్ సేఫా, నువ్వే ఆలోచించు."

సంహిత ఎక్కువసేపు ఆలోచించలేదు. బస్తా ఎత్తడానికి సాయం చేసిన మర్యాదస్తుడు ఆ సాయంత్రమే డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ లైన్‌లో దొరికాడు. ముందున్న ముసలావిడకి దారి ఇస్తుండగా పట్టుకున్నారు.

అప్పుడే తడి బట్టలతో సైలస్ వచ్చి కారు అద్దం మీద తట్టాడు. సంహిత అద్దం దించింది.

"డిన్నర్ అన్నావు?" అన్నాడు.

"ఆకలి చచ్చిపోయింది," అంది సంహిత.

* * *

కాసిమిర్‌ను ఇంటరాగేట్ చేయాల్సిన అవసరం రాలేదు. దుప్పటి కప్పేలోపే అందరి పేర్లూ చెప్పేశాడు. అడగని పేర్లు కూడా చెప్పాడు. దౌత్యరక్షణ ఉంది కదా, ఇంటికి పంపేయండి అన్నాడు. ఆ రక్షణ ఎత్తేస్తున్నట్టు రాణి ఒక్క వాక్యంలో చెప్పింది. రాజద్రోహి పెళ్ళి చెల్లదని వాళ్ళ చట్టంలోనే ఉందట. ఆయన ఇప్పుడు అమెరికా జైల్లో ఉన్నాడు. అక్కడ గంట కొట్టగానే లేస్తున్నాడనీ, లైన్‌లో ఎప్పుడూ చివరే నిలబడుతున్నాడనీ, అంత క్రమశిక్షణ గల ఖైదీని చూడలేదనీ వార్డెన్ రిపోర్ట్.

మేజర్ బ్రాంట్‌కి దెబోరా స్వయంగా క్షమాపణ చెప్పింది. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక పార్కింగ్ లాట్‌లో సైలస్ కార్ బానెట్ మీద బిర్యానీ ప్యాకెట్ పెట్టుకుని తింటున్నాడు. దెబోరా వచ్చి పక్కన నిలబడింది.

"ఆయన్ని వెధవ అనుకుని వదిలేశాం," అంది. "వెధవలు పని చేయరని ఎవరు చెప్పారో మనకి."

"పైగా ఇస్త్రీ కూడా చేసి పెట్టాను ఆంటీ."

"రాణిగారు నిన్న ఫోన్ చేశారు."

"థాంక్స్ చెప్పారా?"

"రాణులు థాంక్స్ చెప్పరు. ఒక ప్రశ్న అడిగారు. నన్ను ఎత్తి నీళ్ళలో విసిరేసిన ఆ మనిషికి పెళ్ళయిందా, అని."

సైలస్ చేతిలోని ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "మీరేమన్నారు?"

"అయిందన్నాను. ఇద్దరు పిల్లలని కూడా చెప్పాను."

"ఆంటీ! నాకు పెళ్ళి కాలేదు కదా!"

"ప్రాణాపాయంలో ఉన్న ఏజెంట్‌ను కాపాడటం చీఫ్ డ్యూటీ," అంది దెబోరా, అతని ప్యాకెట్లో ఇంకో మాంసం ముక్క వేస్తూ. "తిను బాబూ. చల్లారిపోతుంది."